రీల్‌లో లేని నాలుగు సెకన్లు

పోయిన మార్చిలో మా టీం పెట్టిన రీల్ మీలో కొందరైనా చూసే ఉంటారు. పక్క జిల్లాలో ఒక కాలేజీ టెక్ ఫెస్ట్‌లో క్యాన్‌శాట్ పోటీ జరిగింది. క్యాన్‌శాట్ అంటే కూల్‌డ్రింక్ టిన్ను సైజులో చేసే బుల్లి ఉపగ్రహం నమూనా. డ్రోన్‌తో వంద మీటర్ల ఎత్తుకి తీసుకెళ్ళి వదిలేస్తారు. కిందికి దిగేలోపు అది గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత కొలిచి పంపాలి, పగలకుండా నేలకి చేరాలి. మా రీల్‌లో డ్రోన్ లేస్తుంది, టిన్ను విడిపోతుంది, చిన్న పారాచూట్ ఎర్రగా విచ్చుకుంటుంది, వెనకాల సినిమా బీజీఎం. అక్కడితో అయిపోతుంది. మా బ్యాచ్ పెట్టిన వీడియోల్లో దానికే ఎక్కువ లైకులు వచ్చాయి.

అసలు వీడియోలో ఇంకో నాలుగు సెకన్లు ఉన్నాయి. ఎడిట్ చేసింది నేనే, కోసేసింది నేనే. ఆ నాలుగు సెకన్ల సంగతి చివర్లో చెప్తా. అది చెప్పాలన్న బుద్ధి నాకు ఎలా పుట్టిందో ముందు చెప్పాలి. దానికి అంతరిక్షం గురించి, అక్కడికి వెళ్ళడానికి మనుషులు పెట్టుకున్న పోటీల గురించి కొంచెం మాట్లాడుకోవాలి.

2023 ఆగస్టు 23 మీకు గుర్తుండే ఉంటుంది. నేను అప్పుడు ఇంటర్ సెకండియర్, హాస్టల్లో ఉన్నా. సాయంత్రం స్టడీ అవర్ ఆపి హాల్లో టీవీ పెట్టారు. స్టడీ అవర్ ఆపడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగింది. వార్డెన్ సార్‌తో సహా అందరం అరిచాం. ఇస్రో యూట్యూబ్ లైవ్‌ని ఆ క్షణంలో 80 లక్షల మందికి పైగా ఒకేసారి చూశారు, అదొక రికార్డు. మర్నాడు పొద్దున ఫిజిక్స్ స్లిప్ టెస్ట్. వారం తర్వాత రోవర్ ఏం చేస్తోందో మా రూమ్‌లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మనకే ఇలా అనుకుంటే పొరపాటు. 1969 జులైలో అపోలో 11ని ప్రపంచమంతా కలిపి దాదాపు 60 కోట్ల మంది చూశారని అంచనా. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1970 ఏప్రిల్‌లో అపోలో 13 వ్యోమగాములు దారిలోంచి టీవీ కార్యక్రమం పంపిస్తే అమెరికాలో పెద్ద చానళ్ళేవీ దాన్ని లైవ్‌లో వెయ్యలేదు. చంద్రుడి దగ్గరికి మనుషులు వెళ్ళడం అప్పటికే పాత వార్త అయిపోయింది. ఆ ప్రసారం ముగిసిన కాసేపటికే ఆక్సిజన్ ట్యాంక్ పేలింది. అప్పుడు మళ్ళీ అందరూ టీవీల ముందుకొచ్చారు. ఆ ఏడాదే తర్వాతి అపోలో యాత్రలు మూడు రద్దయ్యాయి. దానికి డబ్బుతో సహా వేరే కారణాలూ ఉన్నాయి, కానీ జనం గట్టిగా అడిగి ఉంటే కథ వేరేగా ఉండేదేమో. 1972 డిసెంబర్ తర్వాత చంద్రుడి మీద ఇంకెవరూ అడుగు పెట్టలేదు.

అంటే జనానికి అంతరిక్షం మీద ఆసక్తి లేదనా? నాకలా అనిపించదు. మనం చూసింది సినిమా చూసినట్టు చూశాం. బాగుంటే చప్పట్లు కొట్టాం, లైట్లు వెలిగాక ఇంటికెళ్ళాం. అందులో మనకి చెయ్యడానికి పనేమీ లేదు.

ఈ సంగతిని ముందే పట్టుకున్నవాడు పీటర్ డయమాండిస్ అనే అమెరికన్. ఒక ఫ్రెండ్ ఇచ్చిన చార్లెస్ లిండ్‌బర్గ్ పుస్తకం చదువుతుంటే ఆయనకో విషయం తెలిసింది. న్యూయార్క్ నుంచి పారిస్‌కి ఎక్కడా ఆగకుండా ఎగిరినవాళ్ళకి 25,000 డాలర్లు ఇస్తానని రేమండ్ ఆర్టెగ్ అనే హోటల్ యజమాని 1919లో ప్రకటించాడు. అప్పటికే పేరున్న పైలట్లు ప్రయత్నించారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చివరికి 1927 మే నెలలో గెలిచింది 25 ఏళ్ళ లిండ్‌బర్గ్. అంతకుముందు ఆయన టపా మూటలు మోసే విమానం నడిపేవాడు. ముప్ఫై మూడున్నర గంటలు ఒక్కడే కూర్చుని నడిపి పారిస్‌లో దిగాడు. ఆ తర్వాత విమానం ఎక్కాలన్న కోరిక మామూలు మనుషుల్లోకి కూడా వచ్చింది.

విమానానికి పనిచేసింది రాకెట్‌కి ఎందుకు పనిచెయ్యదు అనుకున్నాడు డయమాండిస్. 1996 మే 18న, లిండ్‌బర్గ్‌కి డబ్బు సాయం చేసిన సెయింట్ లూయిస్ నగరంలోనే, ఎక్స్ ప్రైజ్ ప్రకటించాడు. బహుమతి కోటి డాలర్లు. షరతులు ఇవీ: ముగ్గురు పట్టే వాహనం ఉండాలి, పైలట్‌తో పాటు మిగతా ఇద్దరికి బదులు అంత బరువు పెట్టినా సరే. 100 కిలోమీటర్ల ఎత్తు దాటాలి. క్షేమంగా దిగాలి. రెండు వారాల్లోపు అదే వాహనంతో మళ్ళీ వెళ్ళి రావాలి. ప్రభుత్వం డబ్బు వాడకూడదు. గడువు 2004 ఆఖరు.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. బహుమతి ప్రకటించిన రోజు ఆయన దగ్గర ఆ కోటి డాలర్లు లేవు! ఏళ్ళ తరబడి దాతల కోసం తిరిగాడు. చివరికి ఒక ఇన్సూరెన్స్ పాలసీ తీసుకున్నాడు. గోల్ఫ్ పోటీల్లో ఒక్క దెబ్బకి బంతి గుంతలో వేస్తే కారు ఇస్తామని పెడతారు కదా, ఆ కారు ఖర్చుకి నిర్వాహకులు ఇన్సూరెన్స్ చేస్తారు. ఇదీ అదే రకం. గడువులోపు ఎవరూ గెలవరని కంపెనీ పందెం, గెలుస్తారని డయమాండిస్ పందెం. ఆ ప్రీమియం కట్టడానికి సాయం చేసింది అన్సారీ కుటుంబం. అనౌషే అన్సారీ ఇరాన్‌లో పుట్టి, టీనేజ్‌లో అమెరికా వచ్చి, టెలికాం వ్యాపారంలో పైకొచ్చిన మనిషి. 2004లో పోటీ పేరు అన్సారీ ఎక్స్ ప్రైజ్‌గా మారింది. రెండేళ్ళ తర్వాత ఆమె తన సొంత డబ్బుతో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళొచ్చింది.

ఏడు దేశాల నుంచి 26 టీములు పేరు ఇచ్చాయి. ఆ ఏడింటిలో మన దేశం లేదు. ఉన్నవాళ్ళని చూస్తే ముచ్చటేస్తుంది. కెనడా టీం ఒకటి పెద్ద బెలూన్ కింద రాకెట్ కట్టి పైకి తీసుకెళ్ళి అక్కడ వెలిగిద్దామనుకుంది. రుమేనియా నుంచి ఒక టీం, అర్జెంటీనా నుంచి ఒకటి. మన సీఎస్ఈ వాళ్ళకి తెలిసిన పేరు కూడా ఒకటుంది, జాన్ కార్మాక్. డూమ్, క్వేక్ ఆటలకి కోడ్ రాసిన మనిషి. గేమ్స్‌లో సంపాదించిన డబ్బు పెట్టి టెక్సస్‌లో ఆర్మడిల్లో ఏరోస్పేస్ అని మొదలుపెట్టాడు. కొద్దిమంది స్నేహితులు, ఉద్యోగాలు అయ్యాక వచ్చి పనిచేసేవాళ్ళు.

కార్మాక్ ఇంకో పని చేశాడు. ఏం చేశారో, ఏది పేలిందో, ఎందుకు పేలిందో, ఫొటోలూ వీడియోలతో సహా ఇంటర్నెట్‌లో పెట్టేవాడు. 2004 ఆగస్టులో వాళ్ళ వాహనం టెస్ట్‌లో ఇంధనం అయిపోయి కింద పడి ముక్కలైంది. అదీ పెట్టాడు. ఎక్స్ ప్రైజ్ వాళ్ళకి రాలేదు. కానీ 2008లో, నిలువుగా లేచి నిలువుగా దిగే వాహనాల కోసం నాసా డబ్బు ఇచ్చిన వేరే పోటీలో మొదటి లెవెల్ గెలిచి 3,50,000 డాలర్లు తెచ్చుకున్నారు.

ఎక్స్ ప్రైజ్ గెలిచింది మాత్రం కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో పనిచేసే బర్ట్ రూటన్ టీం. వాహనం పేరు స్పేస్‌షిప్ వన్. డబ్బు పెట్టింది మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్. ఆయన పెట్టింది రెండు కోట్ల డాలర్ల పైనే. అంటే గెలిచినవాళ్ళు కూడా బహుమతికి రెట్టింపు ఖర్చు పెట్టారు. మన హ్యాకథాన్ లెక్క ఇక్కడా అంతే, గెలిచిన డబ్బు బిర్యానీకి సరిపోదు!

స్పేస్‌షిప్ వన్ నేల మీద నుంచి లేవదు. వైట్ నైట్ అనే ఇంకో విమానం దాన్ని పొట్ట కింద తగిలించుకుని 14, 15 కిలోమీటర్ల ఎత్తుకి తీసుకెళ్ళి వదిలేస్తుంది. అక్కడ రాకెట్ ఇంజిన్ వెలుగుతుంది. ఇంధనం ఒక రకం రబ్బరు, దాన్ని మండించేది నైట్రస్ ఆక్సైడ్. అసలు తెలివి కిందికి దిగడంలో ఉంది. అంత ఎత్తు నుంచి పడే వాహనం ముక్కు ఏ వైపు ఉందో తప్పితే గాలి పొరల్లో తట్టుకోలేదు. రూటన్ ఏం చేశాడంటే, రెక్కల వెనక సగం, తోకతో సహా, పైకి మడత పడేలా పెట్టాడు. షటిల్ ఆడేటప్పుడు కాక్‌ని ఎలా విసిరినా బరువైన వైపే ముందుకి తిరుగుతుంది చూడండి, అలాగే ఇదీ దానంతటదే సరైన భంగిమలోకి వచ్చి, పొట్ట వైపు గాలిని ఆపుకుంటూ నెమ్మదిస్తుంది. పైలట్ సరిదిద్దాల్సిన పని దాదాపు లేదు. దీనికి ఫెదర్ అని పేరు.

2004 జూన్ 21న తెల్లవారకముందే వేలమంది ఆ ఎడారికి వచ్చారు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చారు. 63 ఏళ్ళ మైక్ మెల్విల్ ఒక్కడే కూర్చుని ఎగిరాడు. మధ్యలో కంట్రోల్స్‌లో ఇబ్బంది వచ్చింది. చివరికి 100 కిలోమీటర్ల గీత దాటింది ఎంతో తెలుసా? 124 మీటర్లు. మా డ్రోన్ ఎగిరినంత ఎత్తు! అయినా దాటినట్టే. పైన బరువు తెలియని ఆ కొద్ది నిమిషాల్లో ఆయన జేబులోంచి ఎం అండ్ ఎమ్స్ చాక్లెట్లు తీసి గాల్లోకి వదిలాడు. ప్రభుత్వం డబ్బు లేకుండా మనిషి అంతరిక్షానికి వెళ్ళడం అదే మొదటిసారి.

సెప్టెంబర్ 29న పోటీ లెక్కలోకి వచ్చే మొదటి ప్రయాణం. మళ్ళీ మెల్విల్. పైకి వెళ్తూ వాహనం దాదాపు 29 సార్లు గిర్రున తిరిగింది, కింద జనం ఊపిరి బిగబట్టి లైవ్‌లో చూశారు. 102.9 కిలోమీటర్లు వెళ్ళి దిగాడు. అక్టోబర్ 4న రెండోది. సరిగ్గా 1957లో స్పుత్నిక్ ఎగిరిన రోజు. ఈసారి పైలట్ బ్రయాన్ బిన్నీ. ఈయన కథ నాకు మిగతా అన్నిటికంటే ఇష్టం. 2003 డిసెంబర్‌లో స్పేస్‌షిప్ వన్‌ని రాకెట్‌తో మొదటిసారి నడిపింది ఈయనే. దిగేటప్పుడు గట్టిగా నేలకి తగిలి ఒక చక్రం కాడ విరిగి, వాహనం రన్‌వే పక్కకి జారిపోయింది. అందరి ముందూ జరిగింది. తర్వాతి నెలల్లో పెద్ద ప్రయాణాలు వేరేవాళ్ళకి వెళ్ళాయి. ఆఖరి రోజు, కోటి డాలర్లు తేలే రోజు, మళ్ళీ ఆయన్నే కూర్చోబెట్టారు. 112 కిలోమీటర్లు వెళ్ళాడు. 1963 నుంచి ఉన్న ఎక్స్-15 విమానం ఎత్తు రికార్డుని దాటి, తిన్నగా దిగాడు.

ఇక్కడితో ఆపేస్తే ఇదీ మా రీల్ లాగే ఉంటుంది. కాబట్టి తర్వాతిది కూడా చెప్పాలి.

స్పేస్‌షిప్ వన్ గరిష్ఠ వేగం శబ్దానికి మూడు రెట్లు. కక్ష్యలో తిరగాలంటే గంటకి దాదాపు 28,000 కిలోమీటర్లు కావాలి, అంటే దానికి ఎనిమిది రెట్లు. శక్తి లెక్కలో వేగాన్ని వర్గం చెయ్యాలి కాబట్టి అరవై రెట్ల పైమాట. అంతరిక్షం అంచుని ముట్టుకుని రావడం వేరు, అక్కడ ఉండటం వేరు. రిచర్డ్ బ్రాన్సన్ ఆ టెక్నాలజీ తీసుకుని, కొన్నేళ్ళలో మామూలు ప్రయాణికుల్ని తీసుకెళ్తానన్నాడు. 2007లో ఇంజిన్‌కి సంబంధించిన ఒక పరీక్షలో పేలుడు జరిగి ముగ్గురు ఉద్యోగులు చనిపోయారు. 2014 అక్టోబర్ 31న స్పేస్‌షిప్ టూ గాల్లోనే విడిపోయి కో-పైలట్ మైకేల్ ఆల్స్‌బరీ చనిపోయాడు. ప్రాణం కాపాడాల్సిన ఆ ఫెదర్ లాక్‌ని ఆయన కొన్ని సెకన్లు ముందు తీశాడు. దర్యాప్తు చేసినవాళ్ళు అంతటితో వదల్లేదు. ఒక్క మనిషి ఒక్క పొరపాటు చేస్తే మొత్తం పోయేలా డిజైన్ ఎందుకు చేశారని దాన్ని తయారుచేసిన కంపెనీని అడిగారు.

చివరికి 2021 జులై 11న బ్రాన్సన్ ఎగిరాడు. ఆ రోజు ఆయనతో పాటు వెళ్ళింది ఆంధ్రాలో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన శిరీష బండ్ల. మా ఇంట్లో నాయనమ్మ టీవీ దగ్గర నుంచి కదల్లేదు. "మనమ్మాయేనంట్రా" అని వీధిలో అందరికీ చెప్పింది. కానీ వాళ్ళు వెళ్ళిన ఎత్తు దాదాపు 86 కిలోమీటర్లు, ఎక్స్ ప్రైజ్ గీత కంటే తక్కువ. ఆ తర్వాత 2021లో టికెట్ ధర 4,50,000 డాలర్లు ఉండేది, మన డబ్బుల్లో మూడు కోట్ల పైమాటే. తలుపు తెరుచుకుంది నిజమే, లోపలికి వెళ్ళేది ఎవరన్నది వేరే ప్రశ్న.

రెండో పోటీ సంగతి ఇంకా చేదు. 2007లో గూగుల్ లూనార్ ఎక్స్ ప్రైజ్ ప్రకటించారు, మొత్తం మూడు కోట్ల డాలర్లు. చంద్రుడి మీద రోబోని దించాలి, 500 మీటర్లు నడపాలి, వీడియో పంపాలి. ఈసారి మన దేశం కూడా ఉంది. బెంగళూరు టీమ్ ఇండస్‌ని మొదలుపెట్టిన రాహుల్ నారాయణ్ ఐటీ రంగం మనిషి. ఇస్రోలో రిటైరైన శాస్త్రవేత్తలు వచ్చి కుర్రాళ్ళతో కలిసి పనిచేశారు. ల్యాండింగ్ టెక్నాలజీకి 2015లో పది లక్షల డాలర్ల మధ్యంతర బహుమతి కూడా గెలిచారు. కానీ గడువు పెంచుతూ పెంచుతూ 2018 మార్చి 31 దాకా తెచ్చినా ఒక్క టీం కూడా చంద్రుడి దాకా వెళ్ళలేకపోయింది. బహుమతి ఎవరికీ ఇవ్వకుండానే పోటీ ముగిసింది.

పదేళ్ళ పోటీ వేస్ట్ అయినట్టేనా? పోటీ అయిపోయినా పోటీదారులు ఆగలేదు. ఇజ్రాయెల్ టీం బెరెషీట్‌ని పంపింది, 2019 ఏప్రిల్‌లో అది చంద్రుడి మీద కూలిపోయింది. అయినా అంత దూరం వెళ్ళినందుకు ఎక్స్ ప్రైజ్ వాళ్ళు పది లక్షల డాలర్లు ఇచ్చారు. జపాన్ టీం హకుటో వెనకున్న ఐస్పేస్ కంపెనీ 2023 ఏప్రిల్‌లో చంద్రుడి మీద తన ల్యాండర్‌ని దించబోయింది. ఈ ఐస్పేస్ కథే నన్ను పట్టుకుంది.

ఆ ల్యాండర్ దిగేటప్పుడు ఒక పెద్ద గుంత అంచు మీదుగా వెళ్ళింది. అంచు దాటగానే కింద నేల ఒక్కసారిగా మూడు కిలోమీటర్ల లోతుకి పడిపోయింది. ఎత్తు కొలిచే సెన్సర్ ఆ తేడాని సరిగ్గానే చెప్పింది. కానీ సాఫ్ట్‌వేర్ "ఇంత తేడా ఎలా వస్తుంది, సెన్సరే చెడిపోయి ఉంటుంది" అనుకుని ఆ రీడింగ్‌ని పక్కన పెట్టేసింది. నేలని చేరానని అది అనుకున్నప్పుడు నిజానికి ఐదు కిలోమీటర్ల ఎత్తులో ఉంది. ఇంధనం అయిపోయేదాకా నెమ్మదిగా దిగుతూ ఉండి, తర్వాత రాయిలా పడిపోయింది. దిగాల్సిన చోటు మధ్యలో మార్చారు, కొత్త చోటుకి దారిలో నేల ఎలా ఉంటుందో సిమ్యులేషన్‌లో సరిగా చూడలేదు. నెల తిరిగేసరికి ఐస్పేస్ ఇదంతా బయటపెట్టింది, ఫలానా చోట మా సాఫ్ట్‌వేర్ తప్పని.

ఇది చదివింది ఏప్రిల్‌లో, మిడ్స్ ముందు, రాత్రి ఒంటిగంటకి. చదివాక నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఆ నాలుగు సెకన్లు.

మా టిన్నులో రెండు పారాచూట్లు. చిన్నది వదలగానే తెరుచుకుంటుంది. నేలకి 50 మీటర్లు ఉందనగా నా కోడ్ సర్వో మోటర్‌కి చెప్తే అది గొళ్ళెం తీస్తుంది, పెద్దది తెరుచుకోవాలి. అది తెరుచుకోలేదు. టిన్ను నాలుగు సెకన్ల పాటు అదే స్పీడ్‌లో వచ్చి గ్రౌండ్‌లో కొట్టుకుని పగిలింది. 19 టీముల్లో మేం 17వ వాళ్ళం. అందరూ పారాచూట్ మడతలో చిక్కుపడిందన్నారు. మడత పెట్టింది నా ఫ్రెండ్, మెకానికల్. వాళ్ళమ్మ గొడుగు గుడ్డతో ఇంట్లో మిషన్ మీద కుట్టిచ్చింది. బస్సులో వస్తుంటే ఆవిడ ఫోన్ చేసింది. స్పీకర్‌లో వినపడింది, "నా కుట్టు గానీ ఊడిందా నాన్నా?" అని.

ఆ రాత్రి హాస్టల్లో పగిలిన టిన్నులోంచి ఎస్‌డీ కార్డ్ తీసి లాగ్ చూశా. టిన్ను నేల మీద పడి ఉన్నప్పుడు ఎత్తు ఎంత చూపించిందంటే, 108 మీటర్లు.

మా సెన్సర్ కొలిచేది గాలి ఒత్తిడిని. దాన్నుంచి ఎత్తు లెక్కకట్టాలంటే కింద ఒత్తిడి ఎంతో తెలియాలి. ఎగిరే ముందు ఆ గ్రౌండ్‌లో కొలిచి దాన్ని సున్నా అనుకోవాలి. నేను లైబ్రరీలో ఉన్న సముద్రమట్టం విలువ 1013.25ని అలాగే వదిలేశా. ఆ గ్రౌండ్ సముద్రమట్టానికి ఎత్తులో ఉంది, పైగా ఆ రోజు గాలి ఒత్తిడి తక్కువ. కాబట్టి నేల మీదే నా కోడ్‌కి 108. అది 50కి ఎప్పటికీ రాదు. గొళ్ళెం తియ్యమని సర్వోకి చెప్పనే లేదు. ల్యాబ్‌లో ఎందుకు దొరకలేదంటే, అక్కడ అంకెలు నేనే చేత్తో టైప్ చేసి టెస్ట్ చేశా. నాకు కావాల్సిన అంకెలే ఇచ్చా.

చూశాక లాప్‌టాప్ మూసేశా. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు రీల్ ఎడిట్ చేసి ఆ నాలుగు సెకన్లు తీసేశా. ఐదు వారాలు అలాగే ఉన్నా. "పారాచూట్ బాబు" అని క్లాసులో వాణ్ణి ఆటపట్టిస్తుంటే నేనూ నవ్వా.

ఐస్పేస్ వాళ్ళు నేల మీద లేనప్పుడు ఉన్నామనుకున్నారు. నా టిన్ను నేల మీద ఉండి లేననుకుంది. తప్పు దాదాపు ఒకటే. వాళ్ళకి పోయింది కోట్ల డాలర్ల మిషన్, ప్రపంచం ముందు చెప్పుకున్నారు. నాకు పోయింది తలా పన్నెండొందలు వేసుకుని చేసిన టిన్ను. నేను రూమ్‌మేట్‌కి కూడా చెప్పలేదు.

పొద్దున్నే మెస్‌లో వాడి పక్కన కూర్చున్నా. "మామా, పారాచూట్ నీ తప్పు కాదురా. నా కోడ్" అన్నా. లాగ్ చూపించా.

వాడు ఇడ్లీ తినడం ఆపి చూశాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రాత్రే."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి నంబర్ కలిపి నా చేతిలో పెట్టాడు. "ముందు మా అమ్మకి చెప్పు."

చెప్పా. "ఆంటీ, మీ కుట్టు ఊడలేదు. తప్పు నాది" అన్నా. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "అదే అనుకుంటున్నానయ్యా, రెండు వరసలు వేశానే అని. పోన్లే. పరీక్షలు బాగా రాయండి" అంది.

వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి రూమ్‌కి కొత్త సర్వో పట్టుకొచ్చి, "పవర్ ఆన్ కాగానే ఇరవై రీడింగులు తీసి యావరేజ్ చెయ్యి, అదే నీ సున్నా" అన్నాడు. మెకానికల్ వాడు నాకు కోడ్ చెప్తున్నాడు. చెప్పించుకున్నా.

జనానికి అంతరిక్షం మీద ఆసక్తి మళ్ళీ ఎలా వస్తుందని అడిగితే ఇప్పుడు నాకు తోచేది ఇది. బహుమతి డబ్బు ఒక్కటే తేదు, ఆ డబ్బు ఎక్కడికీ చాలదని చూశాం. గెలుపు వీడియో ఒక్కటే తేదు, అది ఒక సాయంత్రం ఉంటుంది. పోటీ చేసే మేలు వేరే. ఓడిపోవడానికి కూడా పేరు ఇచ్చే చోటు అది. 26 టీములు పేరిస్తే 25 ఓడిపోయాయి, లూనార్‌లో అందరూ ఓడిపోయారు. ఆ ఓడినవాళ్ళు ఏం తప్పు చేశారో చెప్పినప్పుడు, చూసేవాడికి "ఇక్కడ నేనైతే ఏం చేసేవాణ్ణి" అన్న ఆలోచన వస్తుంది. ఆ ఆలోచన వచ్చినవాడు ఇంక ప్రేక్షకుడు కాదు. చంద్రయాన్-2 కూలిన తర్వాత ఏమేం తప్పు జరిగిందో, చంద్రయాన్-3లో ఏం మార్చారో అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ ల్యాండింగ్‌కి ముందే వివరించారు. దిగాల్సిన చోటుని 500 మీటర్ల చదరం నుంచి 4 కిలోమీటర్లు బై దాదాపు రెండున్నర కిలోమీటర్లకి పెంచామన్నారు. ఆ సాయంత్రం హాల్లో అరిచిన మాలో ఎవరికీ ఇది తెలియదు. తెలిసుంటే ఇంకా గట్టిగా అరిచేవాళ్ళం, వారం తర్వాత రోవర్ గురించి అడిగేవాళ్ళం.

ఇప్పుడు ఈ పని మనకి దూరమేమీ కాదు. 2020 తర్వాత మన దేశంలో ప్రైవేటు కంపెనీలకి అంతరిక్ష రంగం తెరిచారు. 2022 నవంబర్ 18న హైదరాబాద్ స్కైరూట్ వాళ్ళ విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి ఎగిరి 89.5 కిలోమీటర్లు వెళ్ళింది. ఆ కంపెనీ పెట్టిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా అంతకుముందు ఇస్రో ఇంజినీర్లు. శ్రీహరికోటలో జనం కూర్చుని రాకెట్ ప్రయోగం చూసే గ్యాలరీ ఉంది. చూడటానికి వెళ్ళండి. చూశాక మాత్రం అక్కడే ఆగిపోవద్దు.

మా టీం మళ్ళీ పేరు ఇస్తోంది. పాత లాగ్ ఫైల్, నా తప్పు కోడ్, కోసేసిన ఆ నాలుగు సెకన్ల వీడియో, మూడూ క్లబ్ డ్రైవ్‌లో పెట్టాం. రీల్ కూడా మార్చా, ఇప్పుడు చివరిదాకా ఉంది. లైకులు తక్కువే వచ్చాయి. కానీ ఒక ఫస్టియర్ అమ్మాయి మెసేజ్ పెట్టింది: "అన్నా, ఇరవై రీడింగులు తీసేలోపు డ్రోన్ లేచిపోతే?"

మేం ఇది ఆలోచించలేదు. శనివారం సాయంత్రం ల్యాబ్‌కి రమ్మన్నాం.